తాగుడు, కల్లు మానాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత: పాలమూరు, నల్లగొండ ఇళ్లకు పూర్తి గైడు

"మా ఆయనతో తాగుడు ఎట్ల మాన్పించాలె?" అని అడిగేవాళ్లకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తే లాభం లేదని ఇది రాస్తున్నాను. నేనూ ఒకప్పుడు తాగినవాణ్నే. మానిన తర్వాత, మానాలనుకునేవాళ్లకు తోడుగా ఆస్పత్రులకు వెళ్తున్నాను. వార్డులో వాళ్ల మంచం పక్కన కూర్చుని చూసినవి, డాక్టర్లను, నర్సులను అడిగి తెలుసుకున్నవి ఇందులో ఉన్నాయి.

మన దగ్గర వరస తలకిందులుగా ఉంటుంది. ముందు ఆపేస్తారు, ఒళ్లు చెడ్డాక డాక్టర్ దగ్గరికి ఉరుకుతారు. రోజూ బాగా తాగేవాళ్ల విషయంలో ముందు డాక్టర్, తర్వాతే ఆపడం. ఇందులో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ వరస గుర్తుంటే చాలు.

## 1. తాగేది ఏమిటో, ఎంతో కాగితం మీద పెట్టండి

"తాగుతడు సార్" అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. రెండు మూడు రోజులు గమనించి ఒక నోటుబుక్కులో రాయండి. తాగే మనిషే రాసుకుంటే ఇంకా మంచిది.

- రోజుకు ఎన్ని క్వార్టర్లు, ఏ రకం (వైన్స్ మందా, గుడుంబానా, బీరా)
- కల్లు కూడా తాగుతారా, రోజుకు ఎన్ని సీసాలు, ఏ దుకాణం నుంచి
- పొద్దున మొదటిది ఎన్నింటికి
- తాగకముందు చేతులు వణుకుతాయా, చెమట పడుతుందా, వాంతి వచ్చినట్టు ఉంటుందా
- ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, పిచ్చి మాటలు మాట్లాడారా
- నిద్ర గోలీలు, నొప్పి గోలీలు ఏమైనా వాడుతున్నారా
- బీపీ, షుగర్, కామెర్లు, కడుపు ఉబ్బరం ఉన్నాయా

పొద్దున చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటేగానీ నోటిదాకా రావట్లేదంటే, శరీరం మందుకు పూర్తిగా అలవాటుపడిందని అర్థం. అలాంటి మనిషితో "ఇయ్యాల్టి సంది బంద్" అనిపించడం ధైర్యం కాదు, ప్రమాదం.

కల్లు గురించి దాచకండి. మన జిల్లాల్లో చాలామంది కల్లును తాగుడు లెక్కలోకే తీసుకోరు. "మందు మానేసిండు, కల్లే తాగుతుండు" అంటారు, అదేదో పథ్యమైనట్టు. చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లు వేరు. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపినట్టు ఎన్నోసార్లు దాడుల్లో బయటపడింది. అంటే తాగేవాళ్లకు తెలియకుండానే నిద్రగోలీల అలవాటు పడుతోంది.

ఆడవాళ్లను, ముసలివాళ్లను ఈ లెక్కలోంచి వదిలేయడం ఇంకో పొరపాటు. కాలు జారి తుంటి ఎముక విరిగిన అవ్వను ఆస్పత్రిలో చేర్పిస్తారు. రెండో రాత్రి ఆమె సెలైన్ సూది పీకేసి, ఎప్పుడో పోయిన తమ్ముణ్ని పేరు పెట్టి పిలుస్తూ మంచం దిగబోతుంది. "గాలి సోకింది" అని ఒకరు, "వయసు పైబడింది" అని ఇంకొకరు. రోజూ పొద్దుగూకితే రెండు సీసాల కల్లు తాగే అలవాటు ఉందని మాత్రం ఎవరూ డాక్టర్‌కు చెప్పరు. ఏ జబ్బుతో, ఏ ఆపరేషన్‌కు చేరినా చేర్పించిన రోజే ఈ మాట చెప్పాలి.

## 2. ఇంట్లో ఆపవచ్చా, ఆస్పత్రిలో ఆపాలా

కింద ఉన్నవాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో ఆపే ప్రయత్నం వద్దు, వార్డులో చేరాలి.

- ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ లేదా మతి తప్పడం
- పొద్దున లేవగానే తాగాల్సి రావడం
- కల్లు, మందు రెండూ ఉండటం
- 60 ఏళ్లు దాటడం, లేదా గర్భిణి అయి ఉండటం
- కామెర్లు, కడుపులో నీరు, రక్తపు వాంతులు, గుండె జబ్బు
- చచ్చిపోతానని అనడం, అంతకుముందు అలాంటి ప్రయత్నం చేసి ఉండటం
- రాత్రింబగళ్లు పక్కన ఉండే మనిషి ఇంట్లో లేకపోవడం

ఇవేవీ లేకపోతే డాక్టర్ గోలీలు రాసి ఇంటికి పంపవచ్చు. ఆ నిర్ణయం ఆయనది. మీదీ కాదు, నాదీ కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీది అసలే కాదు.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులు ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలకూ ఇప్పుడు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఓపీ చీటీ రాయించేటప్పుడు "మానసిక వైద్య విభాగం" అని చెప్పండి. సిగ్గుపడి జనరల్ మెడిసిన్‌కు రాయిస్తే కడుపునొప్పి గోలీలతో ఇంటికి తిరిగొస్తారు. కేసు ముదిరితే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి పంపుతారు. ఎర్రగడ్డ అనగానే బెదిరిపోనక్కర్లేదు, తాగుడు మాన్పించే చికిత్స కూడా అక్కడ ఉంది.

ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసం ప్రత్యేకంగా 14446 ఉంది. రెండింటికీ పైసలు పడవు.

డాక్టర్‌ను కలిసే రోజు వరకు తాగుడు మొత్తం ఆపేయొద్దు, పెంచనూ వద్దు. అలా అని వారాలు సాగదీయకండి. నిర్ణయం అయ్యాక రెండు మూడు రోజుల్లో బయల్దేరాలి.

## 3. మాట ఎత్తే వేళ

రాత్రి తాగి వచ్చిన మనిషితో తాగుడు గురించి మాట్లాడకండి. అన్నం పెట్టి పడుకోబెట్టండి. పొద్దున, మొదటి గ్లాసు పడకముందు, పిల్లలు దగ్గర లేనప్పుడు మాట్లాడండి.

"నువ్వు మా బతుకు నాశనం జేసినవ్" అంటే ఆయన లేచి దుకాణానికి పోతాడు, సాకు కూడా మీరే చేతికిచ్చినట్టవుతుంది. దాని బదులు కంటికి కనబడేది ఒక్కటి చెప్పండి: "మొన్న బండి మీదికెళ్లి పడ్డవ్. చెయ్యి వణుకుతుంటే మేస్త్రీ పనిలకు వద్దన్నడు. సోమారం దవాఖానకు పోదాం, నేనూ వస్త." రోజు, చోటు, తోడు మూడూ ఆ మాటలోనే ఉండాలి.

మాట్లాడే మనిషిని కూడా ఎంచుకోండి. కొందరు భార్య మాట వినరు, బావమరిది మాట అసలే వినరు, పెద్దనాయన చెబితే తల వంచుతారు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని పంచాయితీ పెడితే పని చెడుతుంది.

బిడ్డ తల మీద ఒట్టు వేయించుకోకండి. ఒట్టు తప్పినరోజు ఆయన నిజం చెప్పలేడు, దాచుకుని తాగుతాడు. బిడ్డకు జ్వరం వస్తే "నా ఒట్టు తగిలింది" అని కుమిలిపోతాడు, ఆ బాధకు మళ్లీ తాగుతాడు.

కొట్టే మనిషైతే ఈ మాటల కంటే మీ రక్షణ ముందు. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 పోలీసు నంబర్లు పక్కింటివాళ్ల దగ్గర కూడా ఉంచండి. తాగి ఉన్నాడు కాబట్టి కొట్టాడు అన్నది లెక్కలోకి రాదు.

## 4. బయల్దేరే ముందు సర్దుకోవలసినవి

- ఆధార్, ఆరోగ్యశ్రీకి పనికొచ్చే కార్డు, పాత చీటీలు, పరీక్షల కాగితాలు
- మొదటి దశలో రాసిన నోటుబుక్కు
- వాడుతున్న గోలీల ఖాళీ అట్టలు (పేరు నోటికి రాకపోయినా అట్ట చాలు)
- రెండు జతల బట్టలు, దుప్పటి, ప్లాస్కు
- ఐదు నుంచి ఏడు రోజులు పక్కన ఉండే మనుషుల వంతులు: పగలు ఎవరు, రాత్రి ఎవరు
- పశువులు, చేను, పిల్లల బడి ఎవరు చూస్తారు

చివరిదాన్ని చిన్నచూపు చూడొద్దు. "బర్రెకు గడ్డేసేటోళ్లు లేరు" అని మూడో రోజే డిశ్చార్జ్ రాయించుకుపోయినవాళ్లను చూశాను. అసలు ప్రమాదం ఉండేది ఆ మూడో రోజే.

## 5. మొదటి ఐదు రోజులు

మందు మెదడును మందగింపజేస్తుంటే, మెదడు దానికి ఎదురుగా తన వేగం పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారిగా తీసేస్తే ఆ పెరిగిన వేగం మాత్రం మిగులుతుంది. వణుకు, చెమట, ఫిట్స్ అన్నీ దాని వల్లే.

సుమారుగా ఇలా నడుస్తుంది:

- చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటలు: చేతుల వణుకు, చెమట, వాంతులు, గుండెదడ, చిరాకు, నిద్ర లేకపోవడం
- 48 గంటల లోపు: ఫిట్స్ వచ్చే అవకాశం
- 48 నుంచి 96 గంటలు: కొందరికి మతి తప్పడం, లేనివి కనబడటం, జ్వరం, బీపీ పెరగడం. ఇది ప్రాణం మీదికి తెస్తుంది

మతి తప్పడం అంటే అరవడం ఒక్కటే కాదు. భవనాల పని చేసే ఒకాయన వార్డులో రాత్రంతా దుప్పటిని గోడ అనుకుని, తాపీతో ప్లాస్టరింగ్ చేస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు. మధ్యమధ్యలో "మాల్ కలుపు" అని ఎవరినో గద్దించాడు. చూసేవాళ్లు నవ్వారు. నర్సు నవ్వలేదు, పరుగున డాక్టర్‌ను పిలిచింది. ఎదుట లేనిది కనబడుతున్నా, ఉన్న చోటు తెలియకపోయినా వెంటనే చెప్పాలి.

ఈ దశలో డాక్టర్లు సాధారణంగా క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదా లోరజిపాం లాంటి గోలీలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ కొద్ది రోజుల్లో ఆపేస్తారు. లివర్ చెడినవాళ్లకు గోలీ మారుతుంది. పక్కింటాయన చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కోవడం అందుకే పనికిరాదు.

గ్లూకోజ్ బాటిల్ సంగతి. మనిషి నీరసంగా ఉంటే ఊళ్లో ముందు చేసే పని గ్లూకోజ్ ఎక్కించడం. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. కళ్లు నిలకడగా లేకపోవడం, నడక తూలడం, తికమక దాని గుర్తులు. తాగుడు మానిన తర్వాత కూడా తూలుతున్నాడంటే దొంగచాటుగా తాగాడని తిట్టకండి, డాక్టర్‌కు చూపించండి. ఎవరు బాటిల్ పెట్టబోయినా "తాగే మనిషి, థయామిన్ ఇచ్చిన్రా?" అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

ఇంట్లో ఉండి గోలీలు వాడుతుంటే:

- గోలీలు పక్కన ఉండే మనిషి దగ్గర ఉండాలి, వేళకు ఆ మనిషే ఇవ్వాలి
- గోలీల మీద తాగితే ఊపిరి మందగిస్తుంది; తాగినరోజు గోలీ వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి
- జొన్న అంబలి, రాగి జావ, మజ్జిగ, పెసరపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, కొద్దికొద్దిగా చాలాసార్లు
- చాయ్ తగ్గించాలి, సాయంత్రం తర్వాత వద్దు
- గదిలో రాత్రి చిన్న లైటు, తక్కువ మంది, తక్కువ మాటలు
- బండి నడపడం, బావి దగ్గరికి పోవడం, కరెంటు మోటారు ముట్టడం బంద్

మంచానికి కట్టేయడం, గదిలో వేసి తాళం పెట్టడం వద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు తాళం వేసిన గదిలో మనిషికి దిక్కుండదు.

## 6. ఫిట్స్ వస్తే

పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. మొలతాడు, కాలర్ వదులు చేయండి. 108కు ఫోన్ చేయండి. ఎంతసేపు కొట్టుకున్నాడో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి.

చేతిలో తాళపుచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నీళ్లు పోయడం ఏదీ చేయొద్దు. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

## 7. కల్లు మానేవాళ్లకు వేరే లెక్క

వైన్స్ మందు తాగే మనిషికి ఐదారు రోజుల్లో గండం చాలావరకు గడుస్తుంది. మత్తు మందు కలిసిన కల్లు తాగేవాళ్లకు ఆ భరోసా లేదు. ఆల్ప్రాజోలం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. డైజోపాం ఒంట్లో చాలాకాలం ఉంటుంది కాబట్టి ఇబ్బంది వారం గడిచాక కూడా మొదలుకావచ్చు. ఏ దుకాణంలో ఏది కలిపారో, ఎంత కలిపారో తాగేవాళ్లకు తెలియదు, కలిపినవాళ్లకూ ఒక లెక్క ఉండదు.

అందుకే "మూడొద్దులు దాటినయ్, ఇగ ఫికర్ లేదు" అనుకోకండి. కల్లు ఆపిన తర్వాత కనీసం రెండు వారాలు ఒక కన్నేసి ఉంచండి.

చూడాల్సిన గుర్తులు:

- ఏమాత్రం నిద్ర లేకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం
- ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండటం
- వింత చూపులు, పొంతన లేని మాటలు
- మెడ ఒక పక్కకు లాగుకుపోవడం, నాలుక మడతపడటం
- ఫిట్స్

చివరి మూడింటిలో ఏది కనబడినా అదే గంటలో ఆస్పత్రికి. "కల్లు దొరకలే, గందుకే ఇట్లయింది, రెండు సీసాలు పొయ్యున్రి, తక్కువైతది" అనే పెద్దమనిషి ప్రతి వాడలో ఒకరుంటారు. పోస్తే తగ్గినట్టే కనబడుతుంది కూడా. మతి సరిగా లేని మనిషికి నోట్లో పోస్తే గొంతుకు అడ్డం పడవచ్చు, అందులో ఏముందో తెలియని మత్తు ఇంకాస్త ఎక్కుతుంది.

చికిత్సలో డాక్టర్ ఒక కొలత ప్రకారం గోలీ మొదలుపెట్టి, వారాల మీద, కొందరికి నెలల మీద, మెల్లగా తగ్గిస్తారు. "కల్లు మాన్పించమంటే గోలీలు అలవాటు జేస్తున్నరు" అని చాలామంది మధ్యలో ఆపేస్తారు. గోలీ కొలత తెలిసినది, తగ్గించుకుంటూ రావచ్చు. కల్లు సీసాకు కొలత లేదు. తేడా అంతే. మధ్యలో గోలీ ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి అయిపోవడానికి రెండు రోజుల ముందే మళ్లీ తెచ్చుకోండి.

ఊళ్లో దుకాణం హఠాత్తుగా మూతపడినప్పుడు (దాడి జరిగి కావచ్చు, ఎన్నికల వల్ల కావచ్చు) తాగేవాళ్లందరికీ ఒకేసారి ఇబ్బంది మొదలవుతుంది. ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీకి అదే రోజు చెప్పండి.

## 8. తర్వాత వాడే గోలీలు, కలపకూడని పొడి

తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. మొదటిది రాసే ముందు లివర్, రెండోది రాసే ముందు కిడ్నీ పరీక్ష చూస్తారు. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు వాడుతుంటే ముందే చెప్పాలి, నాల్ట్రెక్సోన్‌కు దానికి పడదు.

డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెట్టాలి. ఆపేశాక రెండు వారాల వరకు ప్రభావం ఉండవచ్చు. తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదుట వేసుకునేవాళ్లకు ఇది బాగానే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. "ఆయనకు తెల్వకుంట చారుల కలుపున్రి, పదొద్దులల్ల మానేస్తడు" అని అమ్మే పొడి. గోడల మీద, ఫోన్లలో ప్రకటనలు వస్తూనే ఉంటాయి. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ లాంటిదే ఉంటే, తెలియక హాఫ్ తాగిన మనిషి అక్కడికక్కడే కుప్పకూలవచ్చు. చారులో కలిపిన చెయ్యి మీదే అవుతుంది. కొనకండి.

## 9. ప్రైవేటు సెంటర్‌లో చేర్పించే ముందు

ఫీజు కట్టకముందే అడగాల్సినవి:

- రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, కాగితం చూపిస్తారా
- సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు
- ఇంటివాళ్లను ఎప్పుడు కలవనిస్తారు, ఫోన్ మాట్లాడనిస్తారా
- బిల్లు ఇస్తారా
- ఇంటికి పంపిన తర్వాత ఫాలో-అప్ ఉందా

"మూడు నెలలు కలవొద్దు, అడ్వాన్స్ మొత్తం కట్టున్రి" అంటే లేచి వచ్చేయండి. రాత్రిపూట నలుగురు మనుషులను పంపి బండిలో ఎత్తుకుపోయే సెంటర్లకూ దూరంగా ఉండండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పేరుతో మనిషిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. అది తాగుబోతుకూ వర్తిస్తుంది.

## 10. మాల వేసేవాళ్లకు

అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. దీక్షలో చన్నీళ్ల స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం భజన, పక్కన స్వాములు ఉంటారు. ఏ సెంటరూ ఇంత బాగా సాయంత్రాలను నింపలేదు. దీన్ని వాడుకోవాల్సిందే, కానీ రెండు చోట్ల జాగ్రత్త.

మొదటిది, మాల వేసే రోజు. రోజూ బాగా తాగే మనిషి ముందురోజు రాత్రి కడుపునిండా తాగి, పొద్దున మాల వేసుకుంటాడు. రెండో రోజు సన్నిధానంలోనే ఫిట్స్. దానికి "నియమం తప్పిండు" అని పేరు పెడతారు. మాలకు కనీసం పది పదిహేను రోజుల ముందు డాక్టర్‌ను కలిసి, గండం గడిచాక మాల వేయండి. గోలీలు వేసుకుంటే దీక్ష చెడదని గురుస్వామితో ముందే చెప్పించండి, ఆయన మాటకు ఉండే విలువ మన మాటకు ఉండదు.

రెండోది, మాల తీసే రోజు. శబరిమల నుంచి దిగేసరికి దోస్తులు "స్వామీ, ఇగ తియ్యి" అని కాచుకుని ఉంటారు. మాల తీసిన మర్నాటికే డాక్టర్ దగ్గర డేట్ తీసుకుని ఉంచండి. ఆ వారం అత్తగారి ఊరికో, బిడ్డ ఇంటికో పోయినా మంచిదే. దీక్ష అయిపోయినా సాయంత్రం భజన మాననక్కర్లేదు, మాల లేకుండా కూర్చోవచ్చు.

## 11. సాయంత్రం ఆరు, పైసలు, బాకీ

ఒళ్లు కుదుటపడ్డాక మొదలయ్యే పని ఇది. నాకైతే పొద్దంతా ఏమీ అనిపించేది కాదు. పొద్దుగూకేవేళ, పని దిగి చేతులు కడుక్కోగానే కాళ్లు వాటంతట అవే దుకాణం దిక్కు తిరిగేవి. కోరిక లేచినప్పుడు ఇంకెప్పటికీ పోదనిపిస్తుంది, కానీ చాలావరకు అరగంట లోపే దిగిపోతుంది. ఆ అరగంటను దాటించే పనులు ముందే రాసిపెట్టుకోవాలి.

- పని దిగగానే తినడం. ఆకలి మీద ఉంటే కోరిక రెట్టింపు
- దుకాణం ముందు నుంచి పోని తోవ, చుట్టు తిరిగినా సరే
- ఫోన్ చేయడానికి ఇద్దరు మనుషులు, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు
- స్నానం, పశువుల పని, పిల్లాడి హోంవర్క్, ఏదో ఒకటి చేతికి

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏ రెండు కలిసినా ఆ సాయంత్రం ఒక్కడే ఉండకూడదు. నిద్ర మాత్రం కొన్ని వారాలు సరిగా పట్టదు. అది మామూలే. నిద్ర కోసం "ఒక్క పెగ్గు" మళ్లీ మొదటికి తెస్తుంది, దానికీ డాక్టర్‌నే అడగాలి.

పైసల విషయంలో ఆయనను చిన్నపిల్లాణ్ని చేయకుండా, కలిసి ఒప్పుకోండి. మేస్త్రీతో మాట్లాడి కూలి నగదుగా కాకుండా ఇంట్లోవాళ్ల ఖాతాలో వేయించుకుంటే మొదటి మూడు నెలలు తేలిగ్గా ఉంటుంది. జేబులో చాయ్‌కి, బస్సుకు సరిపడా ఉంచాలి. ఖాళీ జేబుతో తిరిగే మనిషికి అవమానం ఎక్కువ, అప్పు పెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ.

బెల్టు షాపు బాకీ సంగతి ఎవరూ పట్టించుకోరు. తాగుడు మానిన పది రోజులకు షాపాయన "అన్నా, లెక్క జూసుకుందాం రా" అని ఫోన్ చేస్తాడు. లెక్క చూసుకోవడానికి పోయిన మనిషి అక్కడే కూర్చుంటాడు. ఆస్పత్రికి పోకముందే బాకీ ఎంతో అడిగి, తమ్ముడో కొడుకో వెళ్లి కట్టి రావాలి. ఒక్కసారిగా కట్టలేకపోతే వాయిదాలు మాట్లాడుకోవాలి, ఆయన మాత్రం ఆ గడప తొక్కకూడదు.

గుట్కా, సిగరెట్ కూడా మానాలనుకుంటే డాక్టర్‌తో చెప్పి మానొచ్చు. పొగాకు మానేవాళ్లకు 1800 11 2356 నంబర్ ఉంది. గంజాయి అలవాటున్న కుర్రాళ్లకు ఆపినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందం ఉంటాయి, ఫిట్స్ భయం సాధారణంగా ఉండదు. కానీ అనుమానాలు, చెవిలో మాటలు మొదలైతే ఆలస్యం చేయొద్దు.

## 12. దావత్, దినాలు, సాక

దసరా, పెండ్లి, దినాలు, కొత్త బండి, ఎల్లమ్మ పండుగ. దావత్ లేని నెల ఉండదు. మొదటి మూడు నెలలు తప్పించుకోగలిగినవి తప్పించుకోండి. తప్పనివాటికి:

- తిండి వేళకు వెళ్లి తిని రావాలి, రాత్రి ఉండకూడదు
- తాగని తోడు ఒకరు వెంట ఉండాలి, తిరిగొచ్చే బండి మన చేతిలో ఉండాలి
- చేతిలో ముందే సోడానో మజ్జిగో ఉండాలి, ఖాళీ చెయ్యి చూస్తేనే గ్లాసు పెడతారు

"మానేసిన" అంటే వాదన మొదలవుతుంది. "గోలీలు వాడుతున్న, డాక్టర్ వద్దన్నడు" అంటే చాలామంది ఊరుకుంటారు. "ఏమైతదిరా, ఒక్కటే గదా" అని మూడోసారి అన్నవాడికి జవాబు చెప్పనక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

దేవతకు కల్లు సాక పోయాల్సి వస్తే, ఈసారి ఆ పని కొడుక్కో తమ్ముడికో అప్పజెప్పండి. సీసా పట్టుకున్న చేతికి వాసన అంటుతుంది, ప్రసాదం అని ఒక గుక్క పోస్తారు. దేవతకు ఎవరు పోసినా సాకే.

## 13. మళ్లీ తాగితే

చాలామంది ఒకసారైనా మళ్లీ తాగుతారు. ఆ రాత్రి లొల్లి పెట్టుకోవద్దు. కింది వరసలో ఒకటి, రెండు, ఐదు సంగతులకు తెల్లారేదాకా ఆగొద్దు, మిగతావి మర్నాడు పొద్దున:

1. ఎంత తాగాడో తెలుసుకోండి. మానిన తర్వాత ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత లెక్కలో తాగితే, ముఖ్యంగా కల్తీ కల్లు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. లేపినా లేవకపోతే, గురక వింతగా ఉంటే, పెదాలు నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108.
2. డైసల్ఫిరామ్ వాడుతున్న మనిషైతే, గుర్తులు కనబడకపోయినా ఆస్పత్రికి.
3. ఒక్కరోజుతో ఆగితే డాక్టర్‌కు ఫోన్ చేసి, మామూలు గోలీల సంగతి అడగండి. వరసగా నాలుగైదు రోజులు తాగితే మళ్లీ రెండో దశ నుంచి మొదలు, ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు.
4. ఎక్కడ, ఎవరితో, ఏ వేళ, అంతకుముందు ఏం జరిగింది, నోటుబుక్కులో రాయండి. రెండు మూడు సార్ల రాతలు పక్కపక్కన పెడితే అదే దోస్తో, అదే వారమో, కూలి పైసలు పడ్డ రోజో తేలుతుంది. ఏర్పాటు మార్చాల్సింది అక్కడే.
5. "నేను దేనికీ పనికిరాను, పోతా" లాంటి మాటలు వింటే ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి, చేను కొట్టంలోంచి తీసేయండి. 14416కు అప్పుడే ఫోన్ చేయండి.

ఫాలో-అప్ మొదటి నెల వారానికోసారి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు, కనీసం ఏడాది. వెళ్లిన ప్రతిసారీ ఆ నోటుబుక్కు చేతిలో ఉండాలి. మళ్లీ తాగిన రోజులు కూడా అందులో ఉండాలి, సిగ్గుపడి ఆ కాగితం చింపొద్దు. డాక్టర్ గోలీ మార్చేది దాన్ని చూసే.